ఒక్క యంత్రం, ఒక్క రోజు: హెలికాప్టరు నమూనాలపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పెద్ద స్కేలు సైనిక హెలికాప్టర్ల నమూనాల గురించే ఉన్నాయి. ఒకే విషయం మీద వచ్చిన ప్రశ్నలను కలిపి, విజయవాడ, గుంటూరు పాఠకుల ఉత్తరాలు నాలుగింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద మా వీధులను ముంచినప్పుడు హెలికాప్టర్లు మేడల మీదికి ఆహార పొట్లాలు జారవిడవడం కళ్లారా చూశాను. ఆ దృశ్యాన్ని నమూనాగా నిలుపుకోవాలని 1:35 స్కేలు (అసలు కొలతలో 35వ వంతు) ఎంఐ-17 హెలికాప్టరు కిట్టు తెప్పించుకున్నాను. రోటరు రెక్కలను కిందికి వంచాలని ఒక మిత్రుడు, పైకి వంచాలని మరొక మిత్రుడు చెబుతున్నారు. ఏది సరైనది? అసలు పని ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీ మిత్రులిద్దరూ చెప్పింది సరైనదే, వారు వేరువేరు సమయాల గురించి చెబుతున్నారు, అంతే. ఎంఐ-17 ప్రధాన రోటరు వ్యాసం 21 మీటర్ల పైచిలుకు. అంటే ఒక్కో రెక్క పొడవు సుమారు 10 మీటర్లు. రోటరు ఆగి ఉన్నప్పుడు అంత పొడవైన రెక్క తన బరువుకు తానే కుంగి, కొస నేలవైపు వాలుతుంది. రోటరు నిమిషానికి 192 చుట్లు తిరిగేటప్పుడు అపకేంద్ర బలం రెక్కను బయటికి లాగి తిన్నగా చేస్తుంది, గాలి దానిని పైకి ఎత్తుతుంది. అప్పుడు అయిదు రెక్కలూ కలిసి లోతు తక్కువ గిన్నె ఆకారంలో కాస్త పైకి లేచి ఉంటాయి. మీరు చూసింది గాలిలో నిలిచిన హెలికాప్టరును కాబట్టి మీ నమూనాలో రెక్కలు పైకే ఉండాలి.

నేను మీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది రెక్కల వంపు కంటే పెద్ద విషయం. జిగురు సీసా మూత తీయకముందే ఒక్క హెలికాప్టరును, ఒక్క రోజును, వీలైతే ఒక్క ఫోటోను ఎంచుకోండి. ఆ నిర్ణయం జరిగితే తక్కిన ప్రశ్నలలో చాలావాటికి జవాబు ఫోటోయే ఇస్తుంది. అది జరగకపోతే నేల మీద నిలిచిన యంత్రం చక్రాలు, ఎగిరే యంత్రం రెక్కలు, మరో స్క్వాడ్రన్ యంత్రం తలుపులు ఒకేచోట చేరి, ఎక్కడా లేని హెలికాప్టరు ఒకటి తయారవుతుంది. విడివిడిగా ఎంత చక్కగా చేసిన భాగాలైనా అలాంటి నమూనాలో ఒకదానితో ఒకటి పొసగవు.

మీరు ఎంచుకున్న దృశ్యాన్ని బట్టి ఏమేమి మారతాయో చూడండి. నేల మీద ఉన్నప్పుడు చక్రాల దగ్గరి షాక్ స్ట్రట్లు (కుదుపును తట్టుకునే కడ్డీలు) యంత్రం బరువుకు లోపలికి కుంగి ఉంటాయి. గాలిలో ఆ బరువు ఉండదు కాబట్టి అవి పూర్తిగా సాగి, మెరిసే లోపలి కడ్డీ బయటికి కనిపిస్తుంది. టైర్ల అడుగు చదునుగా ఉండకూడదు. పైలట్లు సీట్లలో కూర్చొని, చేతులు కంట్రోళ్ల మీద ఉంచుకొని కనిపించాలి. ఖాళీ కాక్‌పిట్‌తో ఎగిరే హెలికాప్టరును చూడగానే తప్పు తెలిసిపోతుంది. ముందు భాగంలో ఎడమవైపున్న జరుపుడు తలుపు తెరిచి, అక్కడ నడుముకు పట్టీ కట్టుకున్న సిబ్బంది ఒకరు వంగి ఉండాలి. ఇంజిన్ల మీద కప్పే ఎర్రటి కవర్లు, చక్రాల కింది అడ్డుకట్టలు, నిచ్చెన కిట్టులో వచ్చినా వాటిని పక్కన పెట్టేయండి.

తరువాత మీ ఫోటోలోని యంత్రం ఏ రకమో గుర్తించండి. పాత ఎంఐ-8కు తోక రోటరు కుడివైపున ఉంటుంది, ఎంఐ-17కు ఎడమవైపున ఉంటుంది. యంత్రం ముక్కువైపు ముఖం పెట్టి నిలబడ్డ మనిషి కుడి ఎడమల లెక్క ఇది. మన వాయుసేన ఎంఐ-8లకు 2017లో వీడ్కోలు చెప్పింది కనుక 2024 నాటి దృశ్యంలో వాటికి చోటు లేదు. ఎంఐ-17లోనూ తేడాలున్నాయి. పాత రకాలకు గుండ్రటి గాజు ముక్కు, వెనుక రెండు పక్కలకు తెరుచుకునే డొప్పల్లాంటి తలుపులు ఉంటాయి. మన వాయుసేనలో 2012 నుంచి చేరిన ఎంఐ-17వీ5 ముక్కు ముందుకు పొడుచుకొని వచ్చి ఉంటుంది, వెనుక కిందికి దిగే ర్యాంపు ఉంటుంది. ట్రంపెటర్ కంపెనీ 1:35 కిట్టులో ఇచ్చేది పాత ఆకారమే. మీది ఆ కిట్టే అయి, ఫోటోలో ఉన్నది వీ5 అయితే ముక్కునూ వెనుక భాగాన్నీ మీరే మలచుకోవాలి. అది పెద్ద పని. మొదటి పెద్ద నమూనా అయితే పాత ఆకారమున్న యంత్రం ఫోటోనే వెతుక్కోవడం మంచిదని నా అభిప్రాయం.

ఇక రెక్కల విషయం. ఎంఐ-17 రోటరు పైనుంచి చూస్తే గడియారం ముళ్లు తిరిగే దిశలో తిరుగుతుంది. రెక్కకు మందంగా, గుండ్రంగా ఉన్న అంచు ముందుకు, పలుచటి అంచు వెనుకకు ఉండాలి. అంటే ముక్కు మీదుగా చాచి ఉన్న రెక్కకు మందపు అంచు కుడివైపు రావాలి. అమెరికా అపాచీ రోటరు దీనికి వ్యతిరేక దిశలో తిరుగుతుంది కాబట్టి ఇంతకుముందు అపాచీ చేసినవారు అలవాటులో పొరబడే అవకాశముంది. కిట్టులోని రెక్కలు సీలింగ్ ఫ్యాను రెక్కల్లా బిర్రుగా, అడ్డంగా వస్తాయి. ప్లైవుడ్ ముక్క మీద మీకు కావలసిన వంపు గీసి కోసుకోండి. రెక్కను వేడినీళ్లలో కొద్దిసేపు ఉంచి, ఆ చెక్క వంపుకు అదిమి పట్టి, చన్నీళ్లలో ముంచితే ఆకారం నిలుస్తుంది. మరిగే నీళ్లు వద్దు. కిట్టు ముక్కల ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్ సుమారు 100 డిగ్రీల దగ్గర పూర్తిగా మెత్తబడి మెలితిరుగుతుంది. అయిదు రెక్కలకూ అదే చెక్కను వాడండి. 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ రెక్క మన ఎండాకాలాల్లో ఏళ్ల తరబడి అదే వంపులో నిలవాలంటే దాని అడుగున సన్నటి గాడి తీసి, స్టీలు తీగను అదే వంపుకు వంచి, ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) పూడ్చి, పైన లప్పం పెట్టి నునుపు చేయడం అవసరం.

తిరిగే రోటరును చూపడానికి కొందరు రెక్కలు తీసేసి పారదర్శకమైన ప్లాస్టిక్ బిళ్లను బిగిస్తారు. నాకది నచ్చదు. కెమెరా సెకనులో 500వ వంతు సేపు మాత్రమే తెరుచుకున్నా ఆ వ్యవధిలో ఎంఐ-17 రెక్క కొస దాదాపు 43 సెంటీమీటర్లు కదులుతుంది. మీ స్కేలులో అది 1.2 సెంటీమీటర్లు. అంటే మంచి ఫోటోలో కూడా రెక్క మొదలు స్పష్టంగా, కొస కాస్త చెదిరి కనిపిస్తుంది. రెక్కలను అలాగే ఉంచి, కొసల దగ్గర మాత్రం వెనుక అంచు వెంట రంగును పలుచగా, మసకగా కలిసిపోయేలా ఎయిర్‌బ్రష్‌తో (గాలితో రంగును తుంపరగా చల్లే పరికరం) కొట్టండి. చూసేవారి కన్ను మిగిలినది పూరించుకుంటుంది.

హెలికాప్టరుకూ మేడకూ మధ్య దూరాన్ని వీడియోలను చూసి అంచనా వేయండి. 15 మీటర్లు అనుకుంటే మీ స్కేలులో 43 సెంటీమీటర్లు వస్తుంది. అంత ఎత్తు బల్ల మీద ఇమడదని కిందికి దించకండి. 13 టన్నుల బరువు వరకు ఎత్తగల రోటరు గాలి అంత దగ్గరగా తగిలితే మేడ మీద మనుషులు నిలవలేరు, రేకులు లేచిపోతాయి. పారదర్శకమైన అక్రిలిక్ కడ్డీ ఆ పొడవులో ఊగుతుంది కాబట్టి బలమైన స్టీలు కడ్డీనే పొట్ట కింద, బరువు సమతూకంగా నిలిచే చోట బిగించండి. దానిని తాడుగానో స్తంభంగానో మభ్యపెట్టే ప్రయత్నం అక్కరలేదు. కడ్డీ కనిపిస్తే కనిపించనివ్వండి. ఈ పద్ధతిలో ఒక లాభం కూడా ఉంది. చక్రాల మీద నిలిపే నమూనాలో తోక బరువుకు ముక్కు లేవకుండా ముందు భాగంలో సీసం పెట్టాలి. మీకు ఆ అవసరం లేదు. (నేల మీద నిలిపే పాఠకులకు ఒక మాట: వలలకు కట్టే సీసపు గుండ్లు ఈ పనికి బాగుంటాయి గాని, వాటిని తెల్ల జిగురుతో అంటించకండి. కాలక్రమంలో సీసం దానితో చర్య జరిపి, ఉబ్బి, కొన్నేళ్లకు నమూనా ముక్కును లోపలి నుంచి పగలగొడుతుంది. ఎపాక్సీయే వాడాలి.)

మేడను మీరు నాకంటే బాగా ఎరుగుదురు. ఒక్క సూచన చేస్తాను. దండెం మీది బట్టలు, కొబ్బరి మట్టలు, చేతులెత్తిన మనుషుల చీర కొంగులు అన్నీ రోటరు నడిబిందువుకు దూరంగా, బయటి దిక్కుకే ఎగరాలి. నీటి మీది అలలు కూడా వలయాలుగా బయటికే సాగాలి. నీటి కోసం ఎపాక్సీ రెసిన్‌లో మట్టిరంగు కలిపి, ఒక్కో పొర 3 మిల్లీమీటర్లకు మించకుండా పోయండి. ఒకేసారి మందంగా పోస్తే అది గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి పగుళ్లు వస్తాయి, మన ఊరి ఉష్ణోగ్రతకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. అలలను చివరన, గట్టిపడిన పొర మీద అక్రిలిక్ జెల్‌తో కుంచెపెట్టి లాగండి. పని పూర్తయ్యాక ఫోటో పంపించండి. ఈ నమూనాను చూడాలని నాకు నిజంగా ఉంది.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేట నుంచి రాస్తున్నాను. దిగుమతి కిట్లు కొనే స్తోమత నాకు లేదు. చెక్కపని కొంత వచ్చు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి చెక్కతో చేతక్ హెలికాప్టరును పెద్దదిగా, వివరంగా చేయడం సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే. పైగా మీరు ఎంచుకున్న యంత్రం ఇందుకు చాలా అనువైనది. ఫ్రాన్సులో 1959లో తొలిసారి ఎగిరిన అల్యూయెట్ 3ను హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ లైసెన్సు మీద మన దేశంలో తయారుచేసి చేతక్ అని పేరు పెట్టింది. రోటరు వ్యాసం 11.02 మీటర్లు, ఒడలు పొడవు 10.03 మీటర్లు. 1:16 స్కేలులో రోటరు సుమారు 69 సెంటీమీటర్లు, ఒడలు 63 సెంటీమీటర్లు వస్తుంది. కొలతలు మీ చేతికి, చూపుకు అందుబాటులో ఉంటాయి. గోవాలోని నౌకాదళ విమానయాన ప్రదర్శనశాలకు వెళ్లగలిగితే ఈ రకం యంత్రాన్ని చుట్టూ తిరిగి చూసి ఫోటోలు తీసుకోవచ్చు. అక్కడ నాలుగు పక్కల నుంచి తీసే ఫోటోలతో సరిపెట్టుకోకుండా రోటరు తల, చక్రాల కీళ్లు, ఇంజిను అడుగు భాగం దగ్గర నుంచి తీసుకోండి. ఇంటికి వచ్చాక మీకు కావలసి వచ్చేవి అవే.

తెల్లపొణికి తేలికైన, మెత్తని చెక్క. ఉలికి చక్కగా లొంగుతుంది. ఆ మెత్తదనమే దాని లోపం కూడా: గోటి గుర్తు కూడా పడుతుంది, పదునైన గీతలు నిలవవు. కొండపల్లి కళాకారులు చెక్కను సన్నటి సెగ మీద కాచి తేమను పోగొట్టి, భాగాలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, పైన సుద్ద పూసి రంగులు వేస్తారు. వారి మొదటి పాఠాన్ని తప్పక పాటించండి. తేమ ఉన్న చెక్కతో చేసిన క్యాబిను వేసవి వచ్చేసరికి అతుకుల దగ్గర విచ్చుకుంటుంది. మక్కును గుంటలు పూడ్చడానికి వాడుకోవచ్చు గాని రోటరు బరువును దాని మీద మోపకండి. రోటరు ఇరుసుకు ఇత్తడి గొట్టం తీసుకొని, దానిని క్యాబిను అడుగున ఉన్న ప్లైవుడ్ నేల దాకా దించి ఎపాక్సీతో నిలపండి. తోక భాగాన్ని చెక్కతో చేయవద్దు. పలుచటి ప్లాస్టిక్ షీటును కొస సన్నబడేలా గొట్టంగా చుట్టి, లోపల ప్లైవుడ్ బిళ్లలు పెట్టండి.

చేతక్ ముందు భాగమంతా గాజే కాబట్టి అక్కడ చెక్క మూసగా మాత్రమే పనికి వస్తుంది. గాజు ఆకారాన్ని పొణికితో చెక్కి, దాని మీద పలుచటి ఎపాక్సీ రెండు పూతలు వేసి, ఆరాక వాటర్ పేపరుతో గరుకైన 400 నంబరు నుంచి మొదలుపెట్టి నునుపైన 2000 దాకా రుద్దండి. ఆ మూస మీద వేడికి మెత్తబడిన పారదర్శక ప్లాస్టిక్ షీటును బలంగా కిందికి లాగితే మీకు గాజు ముక్కు వస్తుంది. మూస మీద కనిపించీ కనిపించని గీత కూడా గాజులో మెరుస్తూ కనిపిస్తుంది, అందుకే రుద్దే పనిలో ఓపిక అవసరం. గాజును అతికేటప్పుడు త్వరగా అంటుకునే సయనోఅక్రిలేట్ జిగురు వాడితే దాని ఆవిరి లోపలివైపు తెల్లటి పొరగా పేరుకుంటుంది. అక్కడ తెల్ల జిగురే సరైనది.

మీ శ్రమలో సగాన్ని ఇంజినుకు కేటాయించమని సలహా ఇస్తాను. చాలా హెలికాప్టర్లలో ఇంజిను మూతల కింద దాగి ఉంటుంది. చేతక్‌లో ఆర్టూస్ట్ ఇంజిను క్యాబిను వెనుక, పైభాగంలో బయటికే కనిపిస్తుంది. దాని చుట్టూ ఉండే గొట్టాలు, పట్టీలు, బోల్టులే ఈ నమూనాకు ప్రాణం. అసలు యంత్రంలో 10 మిల్లీమీటర్ల గొట్టం మీ స్కేలులో 0.6 మిల్లీమీటర్లు అవుతుంది. విజయవాడ గవర్నర్‌పేట ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే సోల్డరు తీగ ఈ పనికి చక్కగా సరిపోతుంది, వేలితో వంచినా విరగదు. ఒక్కో గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఫోటోలో వెతికి పట్టుకోండి. ఊహించి పెట్టిన తీగలు ఎన్ని ఉన్నా చూడగానే అలంకారంలా తోస్తాయి, ఉన్నచోటు నుంచి చేరవలసిన చోటికి సాగే నాలుగు గొట్టాలే నమ్మకం కలిగిస్తాయి.

రివెట్ల గురించి కూడా మీరు అడగబోతున్నారని తెలుసు. 5 మిల్లీమీటర్ల రివెట్ తల 1:16లో 0.3 మిల్లీమీటర్లు మాత్రమే. దర్జీలు గుడ్డ మీద గుర్తులు పెట్టే పళ్లచక్రాన్ని కొందరు వాడతారు గాని దాని పళ్ల మధ్య ఎడం ఈ స్కేలుకు ఎక్కువ. గడియారాల రిపేరు దుకాణంలో అడిగితే పాత చేతి గడియారం పళ్లచక్రం దొరుకుతుంది. దానిని పిడికి బిగించి, భోజనం ప్యాకింగుకు వాడే అల్యూమినియం రేకు వెనుకవైపున, స్కేలుబద్ద వెంట దొర్లించండి. రేకును తిప్పి చూస్తే వరుసగా రివెట్ తలలు లేచి ఉంటాయి. ఆ రేకును తోక గొట్టం మీద పలకలుగా అతికితే లోహపు చర్మం సహజంగా వస్తుంది. అన్ని పలకల మీదా రివెట్లు పెట్టాలనే తాపత్రయం వద్దు. మీ ఫోటోలో కంటికి కనిపించినవే పెట్టండి.

ప్రశ్న: విజయవాడ గొల్లపూడిలో ఉంటాను. నా 1:35 అపాచీకి ఎయిర్‌బ్రష్‌తో రంగు వేస్తే మే నెలలో ఇసుక చల్లినట్టు గరుకుగా వచ్చింది, ఆగస్టులో పై పూత తెల్లబారింది. రంగులో లోపమా, నాలోనా?

జవాబు: రెండింటికీ వాతావరణమే కారణం. మే నెల వేడిలో అక్రిలిక్ రంగు తుంపరలు నమూనాను చేరేలోపే గాలిలో సగం ఆరిపోతాయి. ఆరిన తుంపరలే గరుకుదనం. రంగులో ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డరు కొద్దిగా కలిపి, గాలి ఒత్తిడి తగ్గించి, ఎయిర్‌బ్రష్‌ను దగ్గరగా పట్టుకొని, తెల్లవారుజామున పని చేయండి. ఆగస్టు సమస్య దీనికి భిన్నమైనది. లక్కరు పూతలోని ద్రావకం వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ ఆ చల్లదనానికి నీరుగా పేరుకొని పూతలో చిక్కుకుంటుంది. వర్షం పడే రోజుల్లో లక్కరు ముట్టుకోవద్దు. తెల్లబారిన చోట నెమ్మదిగా ఆరే థిన్నరును అతి పలుచగా, పొడి వాతావరణంలో కొడితే చాలావరకు తేటపడుతుంది.

పూత మందాన్ని కూడా గమనించండి. 0.1 మిల్లీమీటరు మందమున్న పూత మీ స్కేలులో 3.5 మిల్లీమీటర్ల మందానికి సమానం; అపాచీ మీది సన్నటి పలక గీతలన్నీ దాని కింద పూడిపోతాయి. ఆటోనగర్‌లో దొరికే వాహనాల ప్రైమరు (రంగుకు ముందు వేసే తొలి పూత) మంచిదే, ధర కూడా తక్కువ. అయితే దాని థిన్నరు ఘాటుకు పాలీస్టైరీన్ కరుగుతుంది కనుక తడిగా కాకుండా, తుంపరగా, పలుచటి పొరలుగా వేయాలి. కిటికీలు తెరిచి, ఆవిరిని ఆపే మాస్కు పెట్టుకోనిదే ఆ పనికి పూనుకోకండి. బట్ట మాస్కు దుమ్మును ఆపుతుందే గాని ద్రావకాల ఆవిరిని ఆపదు.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. వాయుసేన అపాచీని టీవీలో చూసి 1:35 కిట్టే కావాలని పట్టుబడుతున్నాడు. కొనివ్వవచ్చా? (ఒక తల్లి, గుంటూరు అరండల్‌పేట)

జవాబు: కొనివ్వండి అమ్మా, కానీ అదే మొదటి కిట్టు కాకూడదు. 1:35 అపాచీ రోటరు సుమారు 42 సెంటీమీటర్లు ఉంటుంది, ముక్కలు వందల్లో ఉంటాయి, అనుభవం లేని చేతిలో అది సగంలోనే ఆగిపోయే ప్రమాదముంది. ముందుగా 1:72 హెలికాప్టరు ఒకటి ఇప్పించండి. అది పూర్తిచేసి రంగు వేసేసరికి ముక్కలను చట్రం నుంచి కోయడం, అంచులను ఆకురాయితో రుద్దడం, జిగురును తగుమాత్రం వాడడం అతనికి అలవడతాయి. బ్లేడు చాకు వాడేటప్పుడు పక్కన పెద్దవారు ఉండాలి, జిగురు పని గాలి ఆడే చోటే జరగాలి. ఈలోగా అతనికి మరొక పని అప్పగించండి. మన వాయుసేన అపాచీ ఫోటోలలో తనకు నచ్చిన ఒక్క యంత్రాన్ని ఎంచుకొని, దాని నంబరు, ఒంటికి రెండు పక్కలా ఉండే పొట్టి రెక్కల కింద వేలాడే ఆయుధాలు, తెరిచి ఉన్న మూతలు, మాసిన చోట్లు ఒక నోటుపుస్తకంలో రాసుకోమనండి. పెద్ద కిట్టు చేతికి వచ్చేనాటికి ఆ పుస్తకం అతని పక్కన ఉండాలి.